గని తవ్విన నేలకు పూచీ ఎవరు?



ఇటుక బట్టీకి పొలంలో మట్టి అమ్ముకున్నవారిని మీ ఊళ్ళో మీరు చూసే ఉంటారు. బట్టీ యజమాని వస్తాడు, మూడడుగుల లోతున తవ్వుకుపోతాడు. పోయేటప్పుడు "సాపుచేసి ఇస్తానులే" అంటాడు. సాపు చేస్తాడు కూడాను. గట్టుమీద నిలబడి చూస్తే పొలం పొలంలాగానే ఉంటుంది. విత్తనం వేసిన తర్వాతగాని అసలు సంగతి బయటపడదు. అప్పటికి అతని డబ్బు అతని మొలలో ఉంటుంది, మనిషి మరో ఊళ్ళో ఉంటాడు. మనం ఎవరిని అడగాలి?

ఇదే పని మూడడుగులు కాక నూరడుగుల లోతున, ఒక చెక్కలో కాక వేల ఎకరాల్లో జరిగితే? ఆ తవ్వేవాడిచేత ముందుగా పైకానికి హామీ కట్టించుకొని, నేల మళ్ళీ పండుతున్నదని రుజువైన తర్వాతగాని దానిని వదలని పద్ధతి ఒకటి అమెరికా దేశంలో ఏర్పడింది. అది బొగ్గుగనుల వ్యవహారం. ఆ హామీని వారు 'బాండు' అంటారు, మన మాటలో పూచీకత్తు. దానిని విడిపించుకోవడానికి ముందు అధికారులు నేలమీదికి వచ్చి చేసే తనిఖీ ఎట్లా పుట్టింది, అందులో ఏమేమి చూస్తారు అనేది ఈనాటి ప్రసంగం.

బొగ్గు తీయడానికి రెండు దారులున్నవి. ఒకటి సొరంగం. రెండవది మీదినుంచే తవ్వుకుపోవడం. దీన్ని మన గోదావరిఖని, మణుగూరు ప్రాంతాలవారు ఓపెన్‌కాస్టు అంటారు. ఇందులో బొగ్గు పొరమీద ఉన్న చెట్టూ చేమా, పైమట్టి, అడుగుమట్టి, రాయి అంతా ఎత్తి పక్కన పోయవలసిందే. ఎత్తేటప్పుడు మొదట పైమట్టి వస్తుంది, చివర రాయి వస్తుంది. పోసిన దిబ్బలో అది తిరగబడుతుంది. మేలిమట్టి అడుగున పడి, రాయీ రప్పా నెత్తిన కూర్చుంటాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో పెర్రీ కౌంటీ అని ఒక జిల్లా ఉంది. అక్కడ 'కెప్టెన్' అనే గనిలో 1965లో ఒక పార యంత్రాన్ని దింపారు. ఒక్క పట్టుకు 180 ఘనగజాల మట్టి ఎత్తేది అది. అంత మట్టికి మన ఎడ్లబండ్లు ఎన్ని కట్టాలో మీరే లెక్క వేసుకోండి. అది 1991లో కాలిపోయేదాకా పనిచేసింది.

ఇట్లా తవ్వి వదిలేసిన దిబ్బలమీద మొదట చట్టం చేసిన రాష్ట్రం వెస్ట్ వర్జీనియా, 1939లో. ఇండియానా 1941లోను, పెన్సిల్వేనియా 1945లోను చేశాయి. ఈ చట్టాలు కూడా పూచీకత్తు అడిగినవే. అయితే దిబ్బల మొనలు కొట్టి కాస్త చదునుచేయడం, నాలుగు మొక్కలు నాటడం, అంతటితో పని అయిపోయినట్టే లెక్క. పైగా ఎకరానికి కట్టవలసిన మొత్తం మరీ తక్కువ. నేల బాగుచేయడానికి అయ్యే ఖర్చుకన్నా పూచీకత్తు వదులుకోవడమే లాభమైనప్పుడు వ్యాపారి ఏది చేస్తాడో వేరే చెప్పాలా? గట్టి చట్టం చేద్దామన్న రాష్ట్రానికి మరొక భయం. తాను బిగిస్తే గని పక్క రాష్ట్రానికి పోతుంది.

కెంటకీ రాష్ట్రపు కొండప్రాంతపు రైతుల కథ ఇంకా విచారకరం. వారి తాతముత్తాతలు ఎప్పుడో భూమి అడుగున ఉన్న ఖనిజాన్ని ఎకరా కొద్దిపాటి సొమ్ముకు దస్తావేజు రాసి ఇచ్చేశారు. అప్పటికి బొగ్గంటే సొరంగమే. మీదినుంచి తవ్వే యంత్రాలు వస్తాయని ఎవరనుకున్నారు? యంత్రాలు వచ్చిన తర్వాత కంపెనీలు ఆ పాత కాగితాలు తీసుకొని వచ్చి, అడుగున ఉన్నది మాది గనుక మీద ఉన్నదాన్ని తొలగించే హక్కు కూడా మాదేనన్నాయి. 1965 నవంబరులో నాట్ కౌంటీలో ఆలీ కోంబ్స్ అనే అరవై దాటిన వితంతువు తన ఇంటి పైన ఉన్న కొండచరియమీద బుల్‌డోజరుకు అడ్డం కూర్చున్నది. పోలీసులు ఆమెను చేతులమీద మోసుకుపోయి జైల్లో పెట్టారు. ఆ మోసుకుపోయే ఫోటో పత్రికల్లో పడింది. మరుసటి సంవత్సరం కెంటకీ తన గనుల చట్టాన్ని బిగించింది. కాని ఆ పాత దస్తావేజుల పీడ వదలడానికి 1988లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించవలసివచ్చింది. దస్తావేజు రాసేటప్పుడు రాబోయే యంత్రాన్ని ఎవరూ ఊహించలేరు సుమండీ.

1972లో వెస్ట్ వర్జీనియాలో బఫెలో క్రీక్ అనే వాగుమీద బొగ్గు వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. దేశమంతటికీ ఒకే చట్టం కావాలన్న మాట దీనితో బలపడింది. అయినా అధ్యక్షుడు ఫోర్డు 1974లో ఒకసారి, 1975లో మరొకసారి బిల్లును తోసివేశాడు. చమురు కరువు రోజులు, బొగ్గు తగ్గుతుందేమో, కూలీల పనులు పోతాయేమో అని ఆయన వాదన. చివరకు 1977 ఆగస్టు 3వ తేదీన అధ్యక్షుడు కార్టరు సంతకం చేశాడు. కార్టరు స్వయంగా వేరుశనగ రైతు. చట్టం ఇంకా గట్టిగా ఉంటే బాగుండేదని సంతకం చేసిన రోజునే అన్నాడు.

ఈ చట్టంలో రైతుకు పనికివచ్చే కిటుకు పూచీకత్తులోనే ఉంది. తవ్వకానికి అనుమతి ఇచ్చేముందే లెక్క కడతారు. కంపెనీ రేపు చేతులెత్తేసి పారిపోతే ప్రభుత్వం మరొకరిని కూలికి పెట్టి ఆ నేలను బాగుచేయించడానికి ఎంత అవుతుందో, అంత. ఆ మొత్తానికి హామీ చూపనిదే పార నేలకు తగలరాదు. పని అయినకొద్దీ మూడు విడతలుగా దాన్ని వదులుతారు.

మొదటి విడత, గుంటలు పూడ్చి, నిట్టనిలువు గోడలు లేకుండాచేసి, నేలను మునుపటి వాలుకు దగ్గరగా తెచ్చి, నీరు పోయే దారులు కుదిర్చిన తర్వాత. అప్పుడు నూటికి అరవై వంతులు వదలవచ్చు. రెండవది, పైమట్టి పరచి పచ్చిక, పైరు నిలదొక్కుకున్న తర్వాత. మూడవది అన్నీ ముగిసిన తర్వాత. ఈ 'అన్నీ ముగియడం' ఎప్పుడంటే, చివరిసారి విత్తిన, ఎరువు వేసిన, నీరు పెట్టిన సంవత్సరం గడిచిన తర్వాత ఐదేళ్ళు. ఏడాదికి 26 అంగుళాలకు మించి వాన పడని చోట్ల పదేళ్ళు. మధ్యలో పచ్చిక చచ్చిపోయి మళ్ళీ విత్తవలసివస్తే లెక్క మొదటికి వస్తుంది. మామూలు సేద్యంలో అందరూ చేసే పనులకు మాత్రం ఈ పట్టింపు లేదు. చూశారా, కంపెనీ బిందెలతో నీళ్ళుపోసి పెంచిన పచ్చదనానికి మార్కులు లేవు. చేయూత మానిన తర్వాత తనంతట తాను నిలబడ్డదే లెక్కలోకి వస్తుంది.

ఇక మంచి పొలాల సంగతి. అమెరికావారి సర్వేలో మేలురకపు సేద్యభూమి అని గుర్తుపడ్డ నేలలకు ఈ చట్టంలో ప్రత్యేకమైన నిబంధనలున్నవి. పైమట్టి వేరుగా తీయాలి, దానికింది మట్టి వేరుగా తీయాలి, వేరువేరు కుప్పలు పోయాలి, మళ్ళీ అదే వరుసన పరవాలి. అంతా కలిపి 48 అంగుళాల లోతు ఉండాలి. వేళ్ళను అడ్డగించే పొర సహజంగానే అంతకన్నా పైన ఉంటే అంతవరకు చాలు.

చట్టం రాసినవారు నాలుగడుగుల మంచిమట్టి వరుసతప్పకుండా పరిస్తే పంట పండితీరుతుందని అనుకున్నారు. అక్కడే పొరపాటు పడ్డారు. మట్టి పరచడానికి వాడినవి స్క్రేపర్లు. ఆ యంత్రం మట్టిని గీకి పొట్టలో నింపుకుంటుంది, మోసుకువచ్చి పలచగా పరుస్తుంది, తాను పరచినదానిమీదనే నడిచి వెళ్ళి ఇంకొక పొట్టనిండా తెస్తుంది. ఇట్లా పొరమీద పొర, చక్రాలకింద చక్రాలు. నాలుగడుగులూ పరచేసరికి పొలం కాదు, రోడ్డు తయారవుతుంది. పైన కాస్త దున్ని మొక్కజొన్న వేస్తే మొలక బ్రహ్మాండంగా ఉంటుంది. రోడ్డున పోయేవాడికి ఏమీ తేడా తెలియదు. వేరు అడుగు లోతు దిగి, అక్కడ గట్టిపొర తగిలి పక్కకు తిరుగుతుంది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 1970 దశకం చివరినుంచి ఏళ్ళతరబడి ఈ గని నేలల్లోనే మళ్ళు కట్టి మొక్కజొన్న, సోయాచిక్కుడు వేసి చూశారు. వానలు సమంగా కురిసిన ఏడు తవ్విన నేల, తవ్వని నేల ఇంచుమించు సమానంగా పండేవి. కండెకు పీచు తొడిగే వేళ నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే మాత్రం స్క్రేపరు నడిచిన నేలలో పైరు నిలువునా ఎండేది. పక్కన తవ్వని నేలలో అడుగు తేమ అందుకొని ఎంతో కొంత పండేది. మట్టిలో సారం తక్కువై కాదు, సారం దగ్గరికి వేరు పోలేక. మట్టిని లారీలతో తెచ్చి కుమ్మరించి, దానిమీద బరువు తిరగకుండా చదునుచేసిన చోట ఇంతకన్నా మెరుగు. ఇందాక చెప్పిన కెప్టెన్ గనిలోనే చక్రపు యంత్రంతో మట్టి తవ్వి, బెల్టులమీద పంపి, దూరంనుంచి విరజిమ్మే ఏర్పాటు చేశారు. ఆ నేల గుల్లగా, బెడ్డలు బెడ్డలుగా పడి వేరుకు దారి ఇచ్చింది. పాడైపోయిన పొలాలకు నాలుగడుగుల లోతుదాకా దిగే పెద్ద నాగళ్ళు తయారుచేయించి దున్నించారు. దిగుబడి పెరిగింది. మొదటే తొక్కకుండా ఉంటే ఆ ఖర్చు ఉండకపోవును.

అందుచేతనే మంచి పొలాల విషయంలో పచ్చగా ఉన్నదన్న మాట చెల్లదు. పంట కోసి తూచాలి. మన దగ్గర దిగుబడి అంచనాకు పంటకోత ప్రయోగాలు చేస్తారు గదా, విస్తరణాధికారులకు అలవాటైన పనే, ఆ తీరుననే నమూనాలు తీయవచ్చు. మట్టి తిరిగి పరచిన పదేళ్ళలోపల ఈ కొలత మొదలుపెట్టాలి. తక్కువలో తక్కువ మూడు పంటకాలాల దిగుబడి చూపాలి. సగటు పక్కన ఉన్న తవ్వని, అదే రకపు నేలతో సమానంగా ఉండాలి. మామూలు పచ్చిక నేలలకైతే నూటికి తొంభై వంతులు వస్తే చాలునంటారు, మేలురకపు పొలానికి ఆ పది వంతుల మినహాయింపు లేదు. సేద్యం కూడా రెండుచోట్లా ఒకే తీరున ఉండాలి. ఇక్కడ రెండింతల ఎరువు గుమ్మరించి అక్కడితో సమానమనిపించుకోవడం కుదరదు. ఆ ప్రాంతంలో వరుస పైర్లు ఎక్కువగా వేసేట్టయితే వాటిలో లోతుగా వేరు దిగే పైరునే ఒక పరీక్షపైరుగా ఎంచుకోవాలన్నారు. వేరు లోతే ఇక్కడి రోగం గనుక ఈ నిబంధన రాసినవారికి నేల తెలుసుననిపిస్తుంది.

ఇల్లినాయ్‌లో దీనికొక లెక్క ఏర్పరిచారు. తవ్వకముందు ఏ రకపు మట్టి ఎన్ని ఎకరాలున్నదో, ఆ రకానికి ఎంత పండవలెనో, ఆ ఏడు ఆ కౌంటీలో నిజంగా ఎంత పండిందో కలిపి లక్ష్యం కడతారు. కరువు ఏడు లక్ష్యం దిగుతుంది, మంచి ఏడు పెరుగుతుంది. న్యాయంగానే ఉంది. అయినా నాకొక అనుమానం ఉన్నది. గట్టిపడిన నేల గుట్టు వాన బాగా కురిసిన ఏడు బయటపడదని ఇందాక చెప్పుకున్నాం. మూడేళ్ళూ మంచి వానలే పడితే? తూకం నిజమే చెబుతుంది, పొలం మాత్రం తన లోపాన్ని దాచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఎండకారుకు పూచీకత్తు ఉండదు.

ఈ నిబంధనలమీద ఇండియానా రాష్ట్రం కోర్టుకెక్కింది. ఏడాదికి గనులకింద పడే మేలురకపు భూమి 21,800 ఎకరాలట, దేశంలో ఉన్న అటువంటి భూమి మొత్తంలో నూటికి 0.006 వంతు. ఈపాటి దానికి కేంద్రం కలగజేసుకోవాలా అని కింది కోర్టు కూడా ఆ వాదనకే తలవూపింది. 1981 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టివేసి చట్టాన్ని నిలబెట్టింది. దేశం లెక్కలో అది చిన్న భిన్నమే. ఆ ఎకరాల రైతుకు నూటికి నూరు.

ఇప్పుడు తనిఖీ రోజు దగ్గరికి వద్దాం. పూచీకత్తు విడిపించమని కంపెనీ దరఖాస్తు పెడుతుంది. పెట్టి ఊరుకుంటే చాలదు, ఆ ప్రాంతపు పత్రికలో వారానికొకసారి నాలుగు వారాలు ప్రకటన వేయాలి. ఏ భూమి, ఎన్ని ఎకరాలు, ఎంత పైకం, ఏమేమి పని చేశామన్నదీ అందులో ఉండాలి. సరిహద్దు భూముల యజమానులకు, స్థానిక సంస్థలకు, నీటి సరఫరా చూసేవారికి జాబులు రాయాలి. ముప్పై రోజుల్లో అధికారి నేలమీదికి రావాలి. ఆ భూమి యజమానికి గాని, అతని తరఫు మనిషికి గాని, కౌలుదారుకు గాని ముందుగా కబురుచేయాలి, వారు కూడా ఆయన వెంట నడవవచ్చు. కౌలుదారు అన్న మాట చట్టంలో ఉండడం నాకు ముచ్చటగా తోచింది. పొలంలో నీరు ఎక్కడ నిలుస్తుందో దున్నేవాడికి తెలిసినట్టు పట్టాదారుకు తెలియదు గదా.

నడిచేటప్పుడు ఏం చూస్తారు? వాలువెంట వాననీరు కోసిన చాళ్ళు, గండ్లు ఉన్నాయా, పూడ్చిన గుంట తర్వాత కుంగిందా, పచ్చికలో బట్టతలల వంటి ఖాళీలున్నాయా, ఒండ్రు ఆపడానికి కట్టిన చెరువులోకి వచ్చే నీరు తేటపడిందా, దిగువన వాగులోకి మట్టి పోతున్నదా. పచ్చిక తగినంత ఉన్నదీ లేనిదీ కంటిచూపుకు వదలరు, నమూనాలు తీసి లెక్క కడతారు. వీటన్నిటికన్నా గడ్డు సమస్య నీరు. బొగ్గు పక్క రాళ్ళలో ఇనుము, గంధకము కలిసిన ఖనిజం ఒకటి ఉంటుంది. గాలి, నీరు తగిలితే అది ఆమ్లంగా మారి ఊటల్లోకి దిగుతుంది. వాగు అడుగు రాళ్ళకు నారింజరంగు పూత పడుతుంది, చేపలు చచ్చిపోతాయి. ఇది ఐదేళ్ళకో పదేళ్ళకో తీరే రోగం కాదు. అందుకని పూచీకత్తు వదిలేముందు, పైనీరు గాని లోపలి నీరు గాని చెడుతున్నదా, ముందు ముందు చెడే అవకాశం ఉన్నదా, బాగుచేయడానికి ఎంత అవుతుంది అన్నది తేల్చాలని చట్టం అంటుంది. పెన్సిల్వేనియాలో చాలాకాలం తక్కువ పూచీకత్తు తీసుకొని, లోటును ఉమ్మడి నిధితో పూడ్చుకోవచ్చుననుకున్నారు. పారిపోయినవారి గనుల నీటిని శుద్ధిచేయడానికే ఆ నిధి చాలలేదు. 2001నుంచి అసలు ఖర్చంతా పూచీకత్తు కట్టాలనే పద్ధతికి మారారు.

అభ్యంతరం ఉన్నవారు చివరి ప్రకటన వెలువడిన ముప్పై రోజుల్లో రాతమూలకంగా చెప్పవచ్చు, బహిరంగ విచారణ కోరవచ్చు. ఆ గడువు తప్పితే, పైకం వదిలిపెడితే, ఇక ఆ కంపెనీని ఆ నేలకు కట్టివేసే తాడు లేనట్టే. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటిన తర్వాత బోడిమల్లన్న.

ఈ చట్టంలో ఒక పెద్ద కన్నం కూడా ఉన్నది. పెద్ద కంపెనీ, గట్టి ఆస్తిపాస్తులున్నాయని చూపగలిగితే, మూడో మనిషి జామీను లేకుండా తన పూచీ తానే ఇచ్చుకోవచ్చునన్నారు. తన అప్పుకు తానే జామీను నిలబడడమన్నమాట! ధరలు బాగున్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2015 ఆగస్టులో ఆల్ఫా, 2016 జనవరిలో ఆర్చ్, ఏప్రిల్‌లో పీబాడీ, ఒకదాని వెంట ఒకటి దివాలా రక్షణకు కోర్టుకెక్కాయి. వయోమింగ్ వంటి రాష్ట్రాల్లో విశాలమైన గని భూములకు ఆ కంపెనీల మాట తప్ప వేరే పూచీ లేదని అప్పుడు అందరికీ గుర్తుకువచ్చింది. ఆ తర్వాత ఆర్చ్, పీబాడీ సొంత పూచీలు తీసివేసి బయటివారి జామీనులు తెచ్చాయి. దివాలాలు తీరి తేలడం అదృష్టం.

మన సంగతి ఏమిటని మీరడుగుతారు. సింగరేణిలో ఓపెన్‌కాస్టు పద్ధతి 1970 దశకంలో వచ్చింది, ఇప్పుడు అక్కడి బొగ్గులో చాలా భాగం అట్లా తవ్వినదే. మన దేశంలో కేంద్ర బొగ్గు శాఖ 2009 ఆగస్టులో ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలనీ, దానికి డబ్బు ఏటేటా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలనీ మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్టుకు ఆనాటి ధరల్లో హెక్టారుకు ఆరు లక్షల రూపాయల లెక్క. ఐదేళ్ళకొకసారి పని తనిఖీచేసి కొంత వెనక్కి ఇవ్వవచ్చునన్నారు, మిగిలింది తుది మూసివేత తర్వాత. తర్వాతి సంవత్సరాల్లో ఆ మార్గదర్శకాలను సవరిస్తూ వచ్చారు. మొత్తంమీద ఆలోచన అమెరికావారిదానికి చుట్టమే.

ఒక భేదం ఉంది. అక్కడ చాలాచోట్ల పైనేల రైతు పేరనే ఉండి, గని ముగిసిన తర్వాత అతనికే తిరిగి వస్తుంది. అందుకని తనిఖీకి అతన్ని పిలుస్తారు. మన దగ్గర భూమి సేకరణలో పోయినప్పుడే రైతు పేరు కాగితంనుంచి పోతుంది. 2009 నాటి ఏర్పాటులో ఆ బ్యాంకు ఖాతా ఒప్పందానికి సంతకందారులు ముగ్గురు: గని కంపెనీ, బ్యాంకు, కేంద్రప్రభుత్వపు కోల్ కంట్రోలరు.